ఏడో తరగతి పిల్లాడి పక్కన రోజూ కూర్చోవాలా, వదిలేయాలా?

ఏడో తరగతి అమ్మ:

అందరికీ నమస్కారం. విషయం చిన్నదిగా అనిపించొచ్చు కానీ మా ఇంట్లో రోజూ సాయంత్రం గొడవ దీని మీదే. బాబు ఏడో తరగతి. ఒకటో తరగతి నుంచీ నేనే పక్కన కూర్చుని చదివిస్తున్నాను. డైరీ చూడటం, ఏ పుస్తకం ముందు తియ్యాలో చెప్పడం, హోంవర్క్ అయ్యాక తప్పులు చూసి చెరిపించి మళ్లీ రాయించడం, పరీక్షలప్పుడు ప్రశ్నలడిగి అప్పజెప్పించుకోవడం, ప్రాజెక్టు ఇస్తే చార్టు మీద సగం బొమ్మలు నేనే వేయడం, అన్నీ నేనే. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ ఈ మధ్య నేను పక్కన లేకపోతే వాడు పుస్తకం ముట్టడం లేదు. మొన్న ఒంట్లో బాగాలేక పడుకుని, లేచి చూసేసరికి బ్యాగు కూడా తెరవకుండా కూర్చున్నాడు. ఎందుకు మొదలుపెట్టలేదురా అంటే "నువ్వు రాలేదుగా" అన్నాడు. పెంకితనంతో అన్నది కాదు, మామూలుగానే అన్నాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

మావారేమో వదిలేయ్, వాడే చదువుకుంటాడు, మన చదువులు ఎవరు చూశారు అంటారు. మా ఆడపడుచు మాత్రం ఈ వయసులో వదిలేస్తే చెయ్యిదాటిపోతారు, నేను పదో తరగతి దాకా పక్కనే కూర్చున్నాను కాబట్టే మా అమ్మాయి ఆ మాత్రం చదివింది అంటుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో చూస్తే రాత్రి పదింటికి కూడా "రేపు సైన్సుకి ఏం తేవాలి" అని అడిగేది తల్లులే, పిల్లలు కాదు. అందరిళ్లలోనూ ఇంతేనా?

అసలు ఎంతవరకు కల్పించుకోవాలి? ఒక్కసారిగా వదిలేస్తే మార్కులు పడిపోతాయని భయం, ఇలాగే పట్టుకుని కూర్చుంటే సొంతంగా చదవడమే రాదేమోనని ఇంకో భయం. టీచర్లు, పెద్ద పిల్లలున్నవాళ్లు, ఇంకా చదువుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ మాట చెప్పండి.

లెక్కల మాస్టారు:

మేడమ్, నేను ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్తాను. మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది ఆ చెరిపించి మళ్లీ రాయించడం. దయచేసి అదొక్కటి ఇవాళే మానేయండి, మిగతావి మెల్లగా చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. 3/4కి 1/8 కలపమని హోంవర్క్ ఇచ్చాననుకోండి. ఒక పిల్లాడు 4/12 అని రాసుకొచ్చాడు. అది తప్పే, కానీ నాకు చాలా పనికొచ్చే తప్పు. పైన లవాలు కలిపాడు, 3కి 1 కలిపితే 4. కింద హారాలు కలిపాడు, 4కి 8 కలిపితే 12. అంటే వీడికి కూడిక వచ్చు, భిన్నం అంటే ఏమిటో రాలేదు. "ముప్పావు భాగానికి ఇంకొంచెం కలిపితే అది మూడో వంతుకి ఎలా తగ్గిందిరా?" అని అడిగితే చాలు, వాడే ఆగి పుస్తకం వంక చూసుకుంటాడు. నా పాఠం అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. అదే ఇంట్లో చెరిపించి 7/8 అని రాయించి పంపారనుకోండి, నేను టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాను. వాడికి రాలేదన్న సంగతి వాడికి తెలుసు, మీకు తెలుసు, చెప్పాల్సిన నాకు మాత్రం తెలియదు. క్లాసులో సగం పుస్తకాలు అలా వస్తే అందరికీ వచ్చేసిందనుకుని తర్వాతి పాఠం ఎత్తుకుంటాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఇంకోటి, మీరు నేర్చుకున్న పద్ధతికీ మేం ఇప్పుడు చెప్పే పద్ధతికీ తేడా ఉంటుంది. పిల్లాడు రెండింటి మధ్యా నలిగిపోయి "మా సార్ ఇలా చెప్పలేదు" అని ఏడుస్తాడు, మీకు కోపం వస్తుంది, ఆ సాయంత్రం అంతటితో సరి. అందులోనూ లెక్కలంటే బెదురున్న పెద్దవాళ్లయితే ఇంకా జాగ్రత్త పడాలి. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక పరిశోధన అచ్చయింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేసిన ఇళ్లలో, ఏడాది చివరికి పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, పిల్లలకీ ఆ భయం పెరిగింది. అదే భయం ఉండి కూడా అంతగా సాయానికి దిగని ఇళ్లలో అలా కనిపించలేదు.

మీరు దూరంగా ఉండమని కాదు నేననేది. వాడి నోటుపుస్తకంలో మీ దిద్దుబాటు ఉండకూడదు, అంతే. ఎక్కడ ఆగిపోయాడో అక్కడ పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి పంపమనండి. ఆ గుర్తు నాకు పది టిక్కుల కన్నా విలువైనది.

డిగ్రీ మూడో ఏడాది:

ఆంటీ, చదువుకుంటున్నవాళ్లని కూడా అడిగారు కాబట్టి రాస్తున్నా.

మా అమ్మ హోంవర్క్ జోలికి ఎప్పుడూ రాలేదు, కానీ మార్కులన్నీ ఫోన్లో చూసేది. స్కూలు యాప్‌లో టీచర్ మార్కులు ఎక్కించగానే అమ్మకి మెసేజ్ వెళ్లేది. నేను ఇంటికొచ్చి బ్యాగు దించకముందే "సోషల్‌లో పదకొండేనా?" అని మొదలు. తక్కువ వచ్చిన రోజు నిజంగా దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చేదాన్ని, ఎక్కడ పోయాయి, మ్యాప్ పాయింటింగ్‌లో పోయాయా, రెండో పేజీ చూసుకోలేదా, అమ్మకి ఎలా చెప్పాలి అని. తీరా చెప్పే అవకాశమే ఉండేది కాదు. తర్వాత తర్వాత ఆ ఆలోచించుకోవడం కూడా మానేశాను, ఎలాగూ తెలిసిపోతుంది, ఎలాగూ తిడుతుంది, ఇంక నేను ఆలోచించేదేముంది అని. ఇది అమ్మ మీద ఫిర్యాదు కాదు, తను నా మంచికే చూసింది. కానీ మీ బాబు మార్కులు మీకు వాడి నోటితోనే తెలియనివ్వండి. యాప్ చూడాలనిపిస్తే వాడు చెప్పాకే చూడండి.

హాస్టల్లో నేను చూసింది కూడా చెప్తా. స్కూల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చినవాళ్లే, మొదటి సెమిస్టర్లో ఎవరూ గుర్తుచేయకపోతే అసైన్‌మెంట్ ఎప్పుడివ్వాలో కూడా తెలియక తెల్లమొహం వేసేవాళ్లు. తెలివి లేక కాదు కదా, ఆ పని అప్పటిదాకా ఇంకెవరో చేసిపెట్టారు.

అమ్మ చేసినదాంట్లో నాకు బాగా ఉపయోగపడింది వేరే ఉంది. రాత్రి పడుకునే ముందు "ఇవాళ క్లాసులో ఏం చెప్పారు" అని అడిగేది, పరీక్షలా కాదు, కబుర్లలాగా. నేను చెప్తుంటే మధ్యలో "అయితే ఆ రాజు ఎందుకు ఒప్పుకున్నాడు?" అనేది. అప్పుడు చెప్పిన చరిత్ర పాఠాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

సైకాలజీ నాన్న:

మాస్టారు, పై చెల్లెమ్మ చెప్పినవి రెండూ పరిశోధనల్లో కనిపించేవాటికి దగ్గరగా ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను, పొడుగైతే ఏమనుకోకండి.

తల్లిదండ్రులు కల్పించుకోవడం అని అందరం ఒకే మాటగా అంటాం కానీ అందులో చాలా రకాలున్నాయి. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ అనే ఇద్దరు మిడిల్ స్కూలు వయసు పిల్లల మీద, అంటే సరిగ్గా మీ బాబు వయసు వాళ్ల మీద, అప్పటికే జరిగిన 50 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. తల్లిదండ్రులు పట్టించుకోవడం మొత్తమ్మీద పిల్లల చదువుకి మంచే చేస్తోంది, ఒక్క హోంవర్క్ సాయం తప్ప. అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసినట్టు తేలింది ఏమిటంటే చదువు గురించి మాట్లాడటం: ఇది దేనికి పనికొస్తుంది, నువ్వు ఏం కావాలనుకుంటున్నావు, దానికి ఎలా సిద్ధపడతావు, నీ మీద మాకు ఇంత నమ్మకం ఉంది అని. 2014లో కీత్ రాబిన్సన్, ఏంజెల్ హ్యారిస్ అనే సోషియాలజిస్టులు ఏళ్ల తరబడి సాగిన అమెరికన్ సర్వేలు తిరగేస్తే, తల్లిదండ్రులు చేసేవాటిలో చాలావాటికి మార్కులతో పెద్ద సంబంధమే కనపడలేదు, పెద్ద తరగతుల్లో హోంవర్క్ సాయం విషయంలో ఎదురు సంబంధమే కనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చదువులో వెనకబడ్డ పిల్లలకే ఇంట్లో ఎక్కువ సాయం చేస్తారు కదా, కాబట్టి సాయం వల్లే మార్కులు తగ్గాయని ఈ లెక్కలు చూసి తీర్మానించేయకూడదు. అలాగే మీ ఆడపడుచు గారి అమ్మాయి బాగా చదివిందంటే అది పక్కన కూర్చోవడం వల్లేనని కూడా చెప్పలేం. ఆ ఇంట్లో చదువుకి ఇచ్చిన విలువ, ఆ అమ్మాయి పట్టుదల, తల్లికి కూతురి మీదున్న శ్రద్ధ, ఇవన్నీ కలిసే ఉంటాయి.

నాకు అర్థమైనంతలో తేడా అంతా సాయం ఎంత చేశామన్న దాంట్లో కన్నా ఎలా చేశామన్న దాంట్లో ఉంది. "ఇది తియ్, ఇలా రాయ్, అది చెరిపేయ్" అంటుంటే పని మనది, చేతులు వాడివి. "ఎక్కడ ఆగావు? ప్రశ్న ఒకసారి పైకి చదువు. ఇందులో నీకు తెలిసిందేంటి?" అంటే పని వాడి దగ్గరే ఉంటుంది. మెచ్చుకోవడంలో కూడా ఇదే. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, నీకు ఎంత తెలివో అని మెచ్చుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిళ్లు ఎదురయ్యేసరికి డీలాపడ్డారు, బాగా కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్లు వదలకుండా ప్రయత్నించారు.

ఇంట్లో మనం గట్టిగా పట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని హోంవర్క్ హడావుడిలో వదిలేస్తున్నాం. నిద్ర సంగతే చూడండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలని అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి చార్టు పూర్తి చేయించి పొద్దున్నే లేపితే వాడు క్లాసులో వినేదెంత? పిల్లాడు పడుకోవాల్సిన టైము, ఫోను పక్కన పెట్టాల్సిన టైము, వీటిల్లో నేనైతే అస్సలు తగ్గను.

అక్షరాలతో కుస్తీ:

అందరూ వదిలేయండి, వాడికే వస్తుంది అంటుంటే నాకు ఒకటి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. అందరు పిల్లలకీ ఇది కుదరదు.

మా పాపకి డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. మూడో తరగతి దాకా మాకు తెలియదు. అప్పుడు కూడా అందరూ ఇదే మాట, మీరు అతిగా పట్టించుకుంటున్నారు, వదిలేస్తే అదే చదువుతుంది అని. మేం పాఠం చదివి వినిపిస్తే మొత్తం అర్థం చేసుకుని ఎదురు ప్రశ్నలు వేసేది, తనను చదవమంటే మాత్రం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేసేది. ఒకే పేజీలో ఒకే మాటని మూడు రకాలుగా రాసేది. పైకి చదవమంటే చాలు కడుపునొప్పి అనేది. ఇది బద్ధకం అనుకుని వదిలేసినా, పక్కన కూర్చుని పదిసార్లు రాయించినా ఒక్కటే ఫలితం, ఏమీ మారదు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడిని ఒక పద్ధతిలో, మెట్టు మెట్టుగా, మళ్లీ మళ్లీ నేర్పించాలి. అది ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

ఆ రోజుల్లో నేను స్కూలు చుట్టూ తిరిగాను, పరీక్ష చేయించాను, రిపోర్టు పట్టుకుని క్లాస్ టీచర్ దగ్గర కూర్చుని అదనపు టైము అడిగాను, చదివి వినిపించే మనిషిని అడిగాను. నేనే గనక అప్పుడు కల్పించుకోకపోయుంటే పాప ఈపాటికి నేను మొద్దుని అని నమ్మేసి ఉండేది.

ఏడో తరగతి అమ్మగారూ, మీ బాబు విషయం ఇది కాకపోవచ్చు. అయినా ఒకసారి చూసుకోండి. మీరు లేకపోతే మొదలుపెట్టడం లేదంటే అది అలవాటు వల్లా, లేక ఒక్కడే కూర్చుంటే నిజంగా చదవలేకపోవడం వల్లా? వాడికి తెలియని పేజీ ఒకటి ఇచ్చి పైకి చదవమనండి, తర్వాత దాని గురించి అడగండి. తడుముకోకుండా చదివి, చదివింది తన మాటల్లో చెప్పగలిగితే పై వాళ్ల సలహాలు నిశ్చింతగా పాటించండి. తడబడుతుంటే మాత్రం వదిలేయడం గురించి ఆలోచించకండి, ముందు టీచర్‌ని కలవండి.

ఎనిమిదితో ఆపేసినోణ్ని:

మీరంతా చదువుకున్నవాళ్లు, దిద్దాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. నాకు దిద్దడమే రాదు. ఎనిమిదో తరగతితో ఆపేశాను. మా అమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. నేను చేసిందల్లా రోజూ పని నుంచి వచ్చాక "ఇవాళ నేర్చుకున్నది నాక్కూడా చెప్పు తల్లీ, పుస్తకం మూసేసి చెప్పు" అనడమే. అర్థం కాకపోతే అర్థం కాలేదనేవాణ్ని. అది మళ్లీ చెప్పేది, బొమ్మ గీసి చెప్పేది. కొన్నిసార్లు చెప్తూ చెప్తూ ఆగిపోయి, ఉండు నాన్నా అని పుస్తకం తీసి చూసుకునేది. కరెంటు సర్క్యూట్లు, గుండె ఎలా కొట్టుకుంటుందో, అన్నీ నాకు అదే నేర్పింది. మీటింగులకి మాత్రం ఒక్కటి కూడా మానలేదు, పని పోయినా సరే వెళ్లేవాణ్ని. మా నాన్న వచ్చాడు అని దానికి తెలియాలి కదా.

సైకాలజీ నాన్న:

అన్నా, మీరు చేసింది చాలామంది చదువుకున్న తల్లిదండ్రులు చేయలేనిది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని చెప్పడం అనేది ఊరికే మళ్లీ మళ్లీ చదవడం కన్నా బాగా పనిచేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఇదే చూశారు. మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం పోయాక చూస్తే పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. అమ్మాయి ఆగిపోయి పుస్తకం తీసి చూసుకునేది అన్నారే, తనకి ఏది రాలేదో తనకే తెలిసిన క్షణం అది. మనం పక్కన కూర్చుని గబుక్కున అందించేస్తే ఆ క్షణం పోతుంది.

ఏడో తరగతి అమ్మ:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అక్షరాలతో కుస్తీ గారూ, మీరు చెప్పినట్టు నిన్న ఒక పేజీ చదివించాను. బాగానే చదివాడు, చెప్పాడు కూడా, ఇంకో పేజీ చదవనా అని అడిగాడు. కాబట్టి ఇది అలవాటే. మీ మాట విని మనసు కుదుటపడింది, పాపకి నా ఆశీస్సులు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరేళ్లకు పైగా ఉన్న అలవాటు ఎలా మాన్పించాలి? రేపట్నుంచి నేను రాను అంటే వాడు బెదిరిపోతాడు, నేనూ ఉండలేను. హోంవర్క్ చేయకుండా వెళ్లిపోతే చూస్తూ ఊరుకోవాలా? మాస్టారూ, క్లాస్ టీచర్‌కి ఈ విషయం చెప్పాలా? చెప్తే ఈవిడ పిల్లాణ్ని పట్టించుకోవడం మానేసింది అనుకుంటారేమో.

లెక్కల మాస్టారు:

తప్పకుండా చెప్పండి మేడమ్, ముందే చెప్పండి. చెప్పకుండా మానేస్తే ఇన్నాళ్లూ నీటుగా వచ్చిన పుస్తకం ఒక్కసారిగా తప్పులతో వచ్చేసరికి పిల్లాడికేదో అయిందనుకుంటాం. చెప్పి మానేస్తే వాడికి నిజంగా ఎంత వచ్చో మాకు తెలుస్తోందని సంతోషిస్తాం.

ఒక్కసారిగా వదలొద్దు. పరీక్షల ముందు అసలు మొదలుపెట్టొద్దు. వాడికి బాగా ఇష్టమైన సబ్జెక్టు ఏదో అదొక్కటి ముందు వాడికి వదిలేయండి, మిగతావాటికి ఎప్పట్లాగే ఉండండి. అదే గదిలో ఉండండి గానీ పక్కన కాదు, కాస్త దూరంగా, మీ పనేదో మీరు చేసుకుంటూ. డైరీ వాడే తెరిచి, ఇవాళ ఏమేం ఉన్నాయో, ఏది ముందు చేస్తాడో వాడే మీకు చెప్పాలి. మొదటి రెండు రోజులు మీ వంక చూస్తూ కూర్చుంటాడు, చూడనివ్వండి. "మొదలుపెట్టు" అన్న మాట మీ నోట్లోంచి రాకపోతే కాసేపటికి వాడే తీస్తాడు. పిలిస్తే వెళ్లండి, కానీ జవాబు చెప్పొద్దు, పైన నాన్నగారు రాసిన ప్రశ్నలు అడిగి వెనక్కి వచ్చేయండి. అది కుదురుకున్నాక ఇంకో సబ్జెక్టు. లెక్కలు చివర్లో వదిలినా పర్వాలేదు, రోజూ కాకుండా వారానికోసారి పుస్తకం తిరగేస్తే చాలు.

చేయకుండా వెళ్తే వెళ్లనివ్వండి. మీ దగ్గర తిట్లు తినడం కన్నా క్లాసులో లేచి నిలబడి "చేయలేదు సార్" అని చెప్పుకోవడం వాడికి ఎక్కువ పనిచేస్తుంది, అది అవమానం కాకుండా చూసుకునే బాధ్యత టీచర్‌గా మాది. మొదటి టెస్టులో మార్కులు తగ్గొచ్చు. అవి తగ్గినవి అనుకోకండి, వాడి అసలు మార్కులు అవే, ఇప్పటిదాకా మీవి కూడా కలిసి వచ్చాయి. ప్రాజెక్టు మాత్రం మొత్తం వాడికే వదిలేయండి, వంకరగా అంటించిన చార్టు చూడగానే మాకు తెలుస్తుంది ఎవరు చేశారో, మార్కులు వేసేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంటుంది.

క్లాస్ టీచర్‌కి పెద్ద ఉత్తరం అక్కర్లేదు, డైరీలో ఇలా రాసినా చాలు: "మేడమ్, ఈ వారం నుంచి బాబు సైన్సు హోంవర్క్ తనే చేసుకుంటున్నాడు, నేను దిద్దడం లేదు. తప్పులు కనిపిస్తే అవి తనవే, దయచేసి వాటి మీద తనతోనే మాట్లాడండి. వరుసగా చేయకుండా వస్తుంటే మాత్రం నాకు కబురు చేయండి." సైన్సు అని ఊరికే రాశాను, వాడు ఏది ఎంచుకుంటే అది రాయండి. పంపేముందు వాడికి చదివి వినిపించి, మీ సంతకం పక్కన వాడి సంతకం కూడా పెట్టించండి.